బండి మీద మా అత్త మంచం

ప్యానెళ్ల చేను మజిలీ, మొదటి రోజు

ఈ చిట్టా చెప్పకపోతే బండి స్టార్ట్ కాదు కాబట్టి చెప్తున్నాను, అంతే. నా కథ ఎవరికో తెలియాలని కాదు. స్టీరింగ్ పక్కన ఈ పెట్టె బిగించిన రోడ్డు ఆఫీసు వాళ్లకు మా మంచీ చెడూ మీద అంత ప్రేమ ఉంటే, మే నెలలో ఒక్క మధ్యాహ్నం వచ్చి మా బండిలో కూర్చోవాలి. కూర్చోరు. పెట్టె మాత్రం బిగించారు. నేను నోటికొచ్చినట్టు మాట్లాడితే అది పుస్తకాల తెలుగులోకి మార్చుకుంటుంది. ఎవరి మధ్యనైనా మాటా మాటా జరిగితే వాటిని అన్నవి అన్నట్టే ఉంచుతుంది. బూతు వినిపిస్తే మాత్రం తీసేస్తుంది. నిన్న మా ఓబులేసు మామ గురించి చాలాసేపు చెప్పాను. తర్వాత చూస్తే రెండు లైన్లు మిగిలాయి.

సరే, విను. మాది పాత సర్కారు బస్సు. సీట్లన్నీ పీకేసి మంచాలు, ఒక పొయ్యి, ఒక నీళ్ల డ్రమ్ము పెట్టుకున్నాం. ఉండేది ముగ్గురం. బండి నడిపే సుంకమ్మను నేను. నా మొగుడు మద్దిలేటి. నిండు నెలలతో ఉన్న మా కూతురు హగరి. హగరి ఏటి ఒడ్డున మజిలీ పడినప్పుడు పుట్టింది కాబట్టి ఆ పేరే పెట్టాం. మా బిడారులో, అంటే కలిసి తిరిగే ఈ బండ్ల గుంపులో, పిల్లలందరికీ పుట్టిన చోటే పేరు. అల్లుడు ముందు దారి చూసే మోటార్ సైకిల్ మీద కొండ మీదికి వెళ్లాడు, మేం ఎక్కేదాకా కనబడడు.

మజిలీ పడింది పాత ప్యానెళ్ల చేను పక్కన. ఊళ్లు ఖాళీ కాకముందు ఇక్కడ మైళ్ల కొద్దీ సోలార్ ప్యానెళ్లు పరిచి కరెంటు తీసేవారట. ఇప్పుడు సగం పగిలిపోయి ఉన్నాయి, సగం తుమ్మ కంప కింద ఉన్నాయి. ఎవరికి కావాలంటే వాళ్లు పీక్కుపోవచ్చు. నేనూ మద్దిలేటీ చీకటితో లేచి వెళ్లి, మంచివి ఆరు ఏరుకొచ్చాం. ఒక్కొక్కటి ఇద్దరు పడితే గానీ లేవదు. చెప్పులోంచి ముల్లు దిగి నా కాలు వాచింది. నా మొగుడు దారి పొడవునా ఒకటే పాట.

"ఇవి పని జేస్తాయంటావా?"

"చెయ్యకపోతే నీ నెత్తిన కొడతా. నడువు."

ఇన్ని పాట్లు ఎందుకంటే చెప్తాను, ఈ ముక్క మాత్రం తీసేయకు. పోయిన ఎండాకాలం హగరికి మొదటి కాన్పు అయింది. ఆడపిల్ల, ముద్దుగా ఉంది. బిడారు మొత్తానికి కరెంటు ఇచ్చేది ఒక్కటే లారీ, దాన్ని కరెంటు బండి అంటాం. అది ఓబులేసు మామది. ఆయన మా అత్త పుల్లమ్మకు సొంత తమ్ముడు, బిడారుకు పెద్ద. ప్రతి మజిలీలోనూ ఆ బండి నుంచి అందరి బండ్లకూ వైర్లు లాగుతాడు. ఆ పసిగుడ్డు పుట్టిన నాలుగో నాడు అందరి వైర్లూ పీకేశాడు. కొండ ఎక్కాలంటే బండ్లన్నిటికీ చార్జి కావాలి, అది కూడబెట్టాలి, రెండు మధ్యాహ్నాలు ఓర్చుకోండి అన్నాడు. మా కూలర్ ఆగిపోయింది. మేం ఓర్చుకున్నాం. నాలుగు రోజుల పిల్లకు ఓర్చుకోవడం రాలేదు.

ఈరోజు మంత్రసాని ఖాజాబీ వచ్చి హగరి కడుపు తడిమి చూసింది.

"ఈ వారంలోనే అయితాదమ్మా. గది సల్లగ ఉండాల. పొద్దు గుంకేదాంక కూలర్ ఆగగూడదు. ఆగిందంటే నా చేతిలో ఏం ల్యాదు, ముందే చెప్తాండా."

నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈసారి నా ఇంటి పిల్ల ప్రాణాన్ని ఓబులేసు మామ వైరుకు వేలాడదీయను. నా బండికి కావాల్సిన కరెంటు నా బండి మీదే పుట్టాలి.

రెండో రోజు

టాపు మీద పనంటే తెల్లవారేలోపే. పొద్దెక్కాక రేకు మీద చేయి పెడితే తోలు ఊడి వస్తుంది. మా బిడారులో పుట్టి పెరిగిన మనిషి ఎవరూ పగటిపూట బండి టాపు ఎక్కి ఎరగరు. చీకట్లో ఎక్కుతాం, తూర్పు తెల్లబడగానే దిగుతాం. తలుపులు వేసుకుని, కిటికీలకు తడి గోతాలు కట్టుకుని పొద్దు గుంకేదాకా లోపలే ఉంటాం. మా అమ్మా అలాగే చేసింది, మేమూ అంతే.

ముందు రేకు మీద తుప్పు గీకాం. ఇనుప పట్టీలు పరిచి, డ్రిల్లుతో బెజ్జాలు వేసి, బోల్టు బోల్టుకూ తారు పూశాం. ప్యానెల్‌కూ రేకుకూ మధ్య చేయి దూరేంత సందు వదిలాం, గాలి ఆడకపోతే ప్యానెల్ ఉడికిపోతుంది. పని చకచకా సాగుతుంటే మా అత్త మంచం అడ్డం వచ్చింది.

మా బిడారులో ఎవరైనా పోతే, వాళ్లు పడుకున్న మంచాన్ని కాళ్లు పైకి పెట్టి ఏడాది పాటు టాపు మీద కడతాం. పోయినవాళ్లు ఆ ఏడాదీ బండితో పాటే తిరుగుతారని నమ్మకం. కాళ్లు పైకి ఉంటే ఇంకెవరూ దాని మీద పడుకోరు, అంటే ఇంకో చావు రాదు. మా అత్త పుల్లమ్మ మొన్న చలికాలంలో పోయింది. బతికున్నన్నాళ్లూ నా నెత్తి మీదే ఎక్కి కూర్చుంది, పోయాక కూడా సరిగ్గా అక్కడే ఉంది. అలాగని మాకు పడేది కాదనుకోవద్దు. రోజుకు రెండుసార్లు పోట్లాడుకునేవాళ్లం. ఒక పూట పోట్లాట తప్పితే ఇద్దరికీ అన్నం సయించేది కాదు.

మంచం టాపు నడిమిలో, పడమటి అంచున కట్టి ఉంది. దాన్ని వెనక నిచ్చెన వైపుకు జరిపితే ప్యానెళ్లకు బోలెడు చోటు. నేను కట్టు మీద చేయి వేశానో లేదో కింద నుంచి టార్చి లైటు మొహాన పడింది. ఓబులేసు మామ. ఈ మనిషి నిద్రపోడా అని నాకు ఎప్పటి నుంచో అనుమానం.

"ఏమ్మే సుంకమ్మా, మా యక్క మంచంతో ఏం పని నీకు?"

"ఎనక్కి జరుపుదామని మామా. రెండు మూరలు."

"కట్టిన చోటనే ఏడాది ఉండాల. జానెడు గూడ జరపగూడదు. కట్టు ఇప్పితే ఆ మంచం నేలకు తాకగూడదు, తోడబుట్టినోళ్ల చేతికే పోవాల, వాళ్ల బండి మీదనే ఎక్కాల. ఇన్నేండ్లు కాపురం జేసినావు, ఇది గూడ తెలీదా?"

"తెలుసు మామా. అడుగుతాండా, అంతే."

"అసలు నీకేంటికి ప్యానెళ్లు? నేను వైరు ఈయడంల్యా?"

"పోయినేడు గూడ ఇచ్చినావు కద మామా."

టార్చి ఆరిపోయింది. చెప్పుల చప్పుడు దూరమైంది. నా ఒళ్లు మాత్రం తెల్లారేదాకా మండుతూనే ఉంది.

మద్దిలేటి నోట్లో నాలుక లేని మనిషి. వాళ్లమ్మ తిట్టినా నవ్వేవాడు, నేను తిట్టినా నవ్వుతాడు. "పోనీలే, మంచాన్ని వదిలేసి ఇట్ల తూరుపు పక్క వరసగా పెట్టుకుందాం. నాలుగు కట్టె కాళ్లు మనకేం అడ్డం?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. ఆరింటినీ తూర్పు పక్కగా బారున బిగించాం.

మూడో రోజు

వైర్లు గాలి కిటికీలోంచి లోపలికి దింపి, చార్జి పెట్టెకు కలిపాం. పొద్దు పొడిచింది. పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది. మామ ఇచ్చిన వైరు ఊడబీకి కూలర్ మా పెట్టెకు తగిలించాను. గిర్రున తిరిగింది!

హగరి కడుపు పట్టుకుని లేచి వచ్చి, కూలర్ ముందు మొహం పెట్టి కళ్లు మూసుకుంది. జుట్టంతా వెనక్కి ఎగురుతోంది. "అమా, వాన గాలి మాదిరి ఉండాది" అంది. నా మొగుడు చేతులు రెండూ పైకెత్తి గెంతాడు, నెత్తి రేకుకు తగిలి బొప్పి కట్టింది. నేను ఆ పొద్దు ఎవరినీ తిట్టలేదు. కావాలంటే నీ చిట్టాలో చూసుకో, ఒక్క మాట కూడా తీసేసి ఉండవు.

మధ్యాహ్నం అన్నం తిన్నాం. కాసేపటికి కూలర్ మూలిగింది. రెక్క నెమ్మదించింది. పచ్చ లైటు పోయి ఎర్ర లైటు వచ్చింది. తర్వాత అదీ పోయింది.

బయట నిప్పులు కురిసే వేళ అది. కూలర్ ఆగకూడనిదే అప్పుడు. ఆగేదీ అప్పుడే! మళ్లీ మామ వైరు తగిలించాల్సి వచ్చింది. నేనేమన్నానో చెప్తాను రాసుకో. (ఇక్కడ కొన్ని మాటలు తీసివేయబడ్డాయి.)

తీసెయ్, ఎన్ని తీస్తావో నేనూ చూస్తాను.

ఐదో రోజు

రెండు రోజుల నుంచీ ఇదే గోల. పొద్దున కూలర్ ఝుమ్మని తిరుగుతుంది, మధ్యాహ్నం దాటగానే చస్తుంది. జాయింట్లు సరిగ్గా నొక్కలేదని మొగుణ్ని తిట్టాను. చీకట్లో ఎక్కి అన్ని జాయింట్లూ కోసి మళ్లీ నొక్కాం. మధ్యాహ్నం చచ్చింది. వైరు సన్నదని తిట్టాను. లావు వైరు వేశాం. చచ్చింది. ప్యానెళ్లు ఏరింది నువ్వే కదా అని తిట్టాను. "నువ్వు గూడ ఉంటివి కద" అన్నాడు పాపం. అప్పుడు మరీ తిట్టాను.

నిన్నటి నుంచి హగరికి నడుము నొప్పి. బయటికి చెప్పదు. కూలర్ ఆగిన ప్రతిసారీ నా మొహం చూసి, తర్వాత కడుపు మీద చేయి వేసుకుని గోడ వైపు తిరిగి పడుకుంటోంది. ఆ పిల్ల దేని గురించి ఆలోచిస్తోందో నాకు తెలుసు. దాని మనసులో ఉన్నదే నా మనసులోనూ ఉంది.

ఈరోజు మధ్యాహ్నం కూలర్ ఆగిన వెంటనే, ఉక్క తట్టుకోలేక కిటికీ గోతం కాస్త తప్పించి బయటికి చూశాను. మా బండి నీడ పక్క బండి గోడ మీద పడి ఉంది. నలుచదరపు పెట్టె లాంటి నీడ, దాని నెత్తిన నాలుగు పొట్టి కాళ్లు. మా అత్త మంచం కాళ్లు. గోతం వదిలేయబోయి ఆగిపోయాను. ఆ కాళ్ల నీడ పక్క బండి దాకా పడుతోందంటే, మధ్యలో ఉన్న మా టాపు మీద ఏం పడుతోంది?

రెండు గోతాలు డ్రమ్ములో ముంచి, ఒకటి ఒంటికి చుట్టుకుని, ఒకటి చేతులకు చుట్టుకుని ఎక్కాను. "తిక్క లేసిందా ఏంది నీకు, దిగు!" అని మద్దిలేటి కింద నుంచి అరుస్తూనే ఉన్నాడు. నిచ్చెన మెట్లు తగిలిన చోటల్లా గోతం బుస్సుమని పొగ కక్కింది. టాపు మీద తల పెట్టేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. అయినా చూశాను. నాలుగు కాళ్ల నీడా, మంచం చట్రం నీడా, ప్యానెళ్ల వరసకు నట్టనడుమ అడ్డంగా పడుకుని ఉన్నాయి.

ఆరు ప్యానెళ్లనూ పూలదండలాగా ఒకదానికొకటి గుచ్చాం. కరెంటు అన్నిట్లోంచీ దూరి రావాలి. ఒకదాని మీద నీడ పడితే దారి మూసుకుపోతుంది, మిగతా ఐదూ ఎండలో వెలుగుతూ పనికిరాకుండా కూర్చుంటాయి. పొద్దున సూర్యుడు తూర్పున ఉంటాడు కాబట్టి మంచం నీడ బండి అవతల పడిపోతుంది. మధ్యాహ్నం దాటితే తిన్నగా ప్యానెళ్ల మీదికి వస్తుంది. నీడ పడే రెండూ తీసేద్దామంటే, ఆరింటికి ఒక్కటి తగ్గినా ఈ చార్జి పెట్టె మేలుకోదు.

ఎంత తెలివైన వాళ్లం! చీకట్లో బిగించాం, చీకట్లో విప్పాం, చీకట్లో జాయింట్లు మార్చాం. చీకట్లో నీడ ఎవడికి కనబడుతుంది? ఎన్ని తరాల నుంచి బండ్ల మీద బతుకుతున్నామో, మా నెత్తి మీద పగలు ఏం జరుగుతుందో ఒక్కరం ఎక్కి చూసుకోలేదు. దిగి వచ్చి నీళ్లు తాగి, గిన్నె నేలకేసి కొట్టాను. సొట్ట పడింది. ఆ గిన్నె కూడా మా అత్తదే.

అదే రోజు, పొద్దు గుంకాక

అందరూ బయటికొచ్చి నీళ్లు పట్టుకునే వేళ చూసి, ఓబులేసు మామను అందరి ముందే అడిగాను. గొంతు తగ్గించి, మర్యాదగానే అడిగాను. ఎంత కష్టమో నాకే తెలుసు.

"మామా, అత్త మంచం నీడ ప్యానెళ్ల మీద పడతాంది. కూలర్ ఆగిపోతాంది. ఎనక నిచ్చెన కాడికి జరుపుతాం. కాళ్లు పైకే ఉంటాయి, నేల తాకదు. నువ్వే దగ్గరుండి జరిపియ్యి."

"జరపగూడదని చెప్పినా కద."

"బిడ్డ పుట్టే టయానికి కూలర్ ఉండాల మామా."

"సూడమ్మా." ఆయన కూడా గొంతు తగ్గించాడు. ఆ మాత్రం నిజం చెప్పాలి. "పోయినేడు పసిబిడ్డ పాయె. ఏడాది తిరక్కముందే మా యక్క పాయె. ఆ మంచం కదిలిస్తే ఇంగొకరు పోతారు. ఎవరు పోతారో నీకు తెలుసా? నాకు తెలీదు. నాకు బయమైతాంది."

ఆయన భయపడుతున్నాడని కళ్లలో కనిపించింది. అందుకే నాకు ఇంకా మండిపోయింది. ఆ పిల్ల మంచం కదిపితే పోలేదు, వైరు పీకితే పోయింది. ఆ వైరు పీకడానికి మాత్రం ఆయనకు భయం వేయలేదు.

"ఇంగోటి," అన్నాడు, అందరికీ వినబడేలా. "ఎల్లుండి కొండెక్కుతాం. రేపు పొద్దన్నుంచి వైర్లు పీకేస్తాండా. చార్జి కూడాల."

ఒక్కరూ నోరు మెదపలేదు. బిందెలెత్తుకుని ఎవరి బండికి వాళ్లు వెళ్లిపోయారు. అందరి వైర్ల కొసా ఆయన చేతిలోనే ఉంది మరి. నేను మద్దిలేటి వైపు చూశాను. వాడు నేల చూశాడు. (ఇక్కడ ఒక మాట తీసివేయబడింది.)

ఆరో రోజు, పొద్దు గుంకాక

వరసగా చెప్తాను.

పొద్దున వైర్లు పీకేశారు. మా కూలర్ ప్యానెళ్ల మీద తిరుగుతూనే ఉంది. పొద్దెక్కుతుండగా హగరికి నొప్పులు మొదలయ్యాయి. ఖాజాబీ కొంగు నడుముకు చుట్టి వచ్చేసింది. నీళ్లు కాచాం, పాత చీరలు చింపాం. హగరి పళ్లు బిగబట్టి నా మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగాయి. నేను కూతుర్ని చూడటం మానేసి పచ్చ లైటునే చూస్తున్నాను.

మధ్యాహ్నం దాటింది. కూలర్ మూలిగింది.

"సుంకమ్మా, కూలర్!" అని ఖాజాబీ అరిచింది.

"అమా, మళ్లా ఆగిపోతాందా?" అంది హగరి. అంతే అంది.

కూరగాయల కత్తి తీసుకున్నాను. గోతాలు ముంచుకున్నాను. తలుపు తీసి నిచ్చెన ఎక్కాను. ఎక్కి కట్టు మీద కత్తి వేశానో లేదో, వెనక ఇంకో మనిషి దగ్గు వినిపించింది. మద్దిలేటి. వాడూ తడి గోతం కప్పుకుని ఎక్కేశాడు. వచ్చి మంచం రెండో కొస పట్టుకున్నాడు. నేను తాళ్లు కోశాను. ఇద్దరం ఎత్తి నిచ్చెన వైపు నడిచాం. మండుటెండ ప్యానెళ్ల మీద నిండుగా పడింది. కింద, రేకు అడుగున, కూలర్ మళ్లీ గిర్రుమంది. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు.

వెనక నిచ్చెన దగ్గర కడదామనుకున్నాను. అంతలో కింద కేక.

"ఇప్పినావా! కట్టు ఇప్పినావా!"

ఓబులేసు మామ తడి తువ్వాలు తలకు చుట్టుకుని ఎండలో నిలబడ్డాడు. నా చేతులు కాలుతున్నాయి, కాళ్లు కాలుతున్నాయి. అప్పటిదాకా వెనక్కి జరపాలనే అనుకున్నదాన్ని, ఆ కేక వినేసరికి ఇంకేదో అయిపోయాను.

"ఇప్పినా మామా! ఇప్పితే ఏం జెయ్యాలో నువ్వే చెప్పినావు. నేల తాకగూడదు. తోడబుట్టినోళ్ల చేతికే పోవాల, వాళ్ల బండి మీదనే ఎక్కాల. నువ్వు ఆమెకు తోడబుట్టినోడివి. ఇదో, మీ యక్క! తీసుకపో నీ బండి మీదికి!"

"తిక్క తిక్కగ మాట్లాడొద్దు. నా బండి మీద చోటు యాడుంది? అంతా ప్యానెళ్లే."

"నా బండి మీద గూడ ప్యానెళ్లే మామా!" అని గొంతు చించుకున్నాను. "పోయినేడు ఈ మంచం మీదనే కూర్చోని మీ యక్క ఆ పిల్లకు ఇసిరింది. కూలర్ లేదని కొంగుతో ఇసిరింది. రెండు మధ్యానాలు చెయ్యి ఆపకుండా ఇసిరింది. చెయ్యి పైకి లేయకుండ పోయినా ఇసిరింది. ఆ చెయ్యి మళ్లా బాగుపడల్యా. అది నువ్వు సూడల్యా, నీ బండిలో నీ కూలర్ ముందర పండుకోనుంటివి!"

పక్క బండ్ల కిటికీల గోతాలు కదిలాయి. ఒక్కొక్క సందులో ఒక్కొక్క కన్ను.

మామ నన్ను వదిలేసి మద్దిలేటి వైపు తిరిగాడు. వాడి నోరు లేవదని ఆయనకూ తెలుసు.

"ఒరే మద్దిలేటీ, నువ్వన్నా చెప్పరా దానికి."

నా మొగుడు మంచం కొసను టాపు అంచు దాటించి కిందికి వంచాడు. చెమట కళ్లలోకి కారుతోంది. ఇంత కాపురంలో వాడు గొంతెత్తగా నేను వినలేదు, ఇప్పుడూ ఎత్తలేదు.

"మామా, పట్టుకో. జారిపోతాంది. నేల తాకుతాది" అన్నాడు.

ఓబులేసు మామ పట్టుకున్నాడు. పట్టుకోక ఏం చేస్తాడు, ఆ రూలు అందరికీ చెప్పింది ఆయనే. అక్క మంచాన్ని నెత్తి మీద పెట్టుకుని, ఎటు పోవాలో తెలియనట్టు ఎండలో కాసేపు నిలబడ్డాడు. ఎవరూ తలుపు తీయలేదు. తర్వాత మెల్లగా కరెంటు బండి వైపు నడిచాడు. ముసలివాడు, ఆ ఎండలో ఒక్కడే నిచ్చెన ఎక్కలేడు. మద్దిలేటి మా టాపు దిగి, పోయి కింద నుంచి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆ బండి టాపు మీద ప్యానెళ్ల నడుమ మంచాన్ని కట్టారు, కాళ్లు పైకి పెట్టి. మామకు సాయం పోయినందుకు నా మొగుణ్ని తప్పుపట్టను. పోనీ, మా అత్తకు కొడుకే కదా వాడు.

నేను లోపలికి వచ్చేసరికి గది చల్లగా ఉంది. అరచేతులు బొబ్బలెక్కాయి. హగరి నా మొహం చూసి, కూలర్ వైపు చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది. పొద్దు వాలకముందే మనవడు పుట్టాడు. ఖాజాబీ వాణ్ని తలకిందులుగా పట్టుకుని చరిస్తే బండి రేకులు అదిరేలా ఏడ్చాడు. నోరు నాదే వచ్చింది.

ఎనిమిదో రోజు

నిన్న కొండ ఎక్కాల్సింది, ఎక్కలేదు. కరెంటు బండిలో చార్జి కూడలేదు. ఎందుకు కూడలేదో నేను చెప్పాలా? ఆ బండి మీది ప్యానెళ్లు కూడా దండలాగే గుచ్చి ఉన్నాయి. నిన్నంతా మా అత్త వాటి మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. బండ్లన్నీ ఉడికిపోయాయి. వైరు లేక, చార్జి లేక అందరూ ఓబులేసు మామ బండి చుట్టూ చేరి గొణిగారు. మా కూలర్ మాత్రం తిరుగుతూనే ఉంది. పిల్లలున్న తల్లులను పిలిచి మా బండిలో కూర్చోబెట్టాను. మొన్న నీళ్ల దగ్గర నోరు విప్పని వాళ్లే అందులో సగం మంది. నీళ్లిచ్చాను, చోటిచ్చాను, రెండు మాటలు అనకుండా మాత్రం వదల్లేదు.

ఈరోజు చీకట్లో నీళ్లకని బయటికి వచ్చి చూశాను. కరెంటు బండి టాపు మీద నడిమిలో మంచం లేదు. డ్రైవరు క్యాబిన్ పైన, ముందు కొసకు, ప్యానెళ్లకు దూరంగా కట్టి ఉంది. కొత్త తాడు. మామ కింద నిలబడి బీడీ ముట్టిస్తున్నాడు.

"జరిపినావా మామా?" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు.

"గాలికి జరిగింటాది."

"గాలే తాడు గూడ కట్టిందా?"

బీడీ చేతిలోనే ఆరిపోయింది. "పిల్లోడు పాలు తాగుతాండాడా?" అని అడిగాడు. తాగుతున్నాడని చెప్పాను. నేను ఆయన్ను తిట్టాలని నోరు తెరిచాను. మొన్నటి నుంచి ఎన్ని మాటలు దాచి పెట్టుకున్నానో నీకు తెలియదు. ఒక్కటీ రాలేదు. వచ్చింది ఒకటే, అదే అన్నాను.

"నీకు ఒక్క మధ్యానం కరెంటు తగ్గితే జరిగింది మామా మంచం. ఆ పిల్లకు రెండు మధ్యానాలు ల్యాకపాయె. దానికి నీ చెయ్యి జరగల్యా."

బిందె ఎత్తుకుని వచ్చేశాను. వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన ఏడ్చాడని మద్దిలేటి అంటున్నాడు. ఏడవనీ. నేను పోయిన ఏడు ఏడ్చాను.

ఈ సాయంత్రం చల్లబడ్డాక కొండెక్కుతాం అన్నారు. అందుకే నీకు ఇప్పుడు చిట్టా చెప్తున్నాను, స్టార్ట్ కాకుండా సతాయించవద్దు. మనవడికి పేరు ఇంకా పెట్టలేదు. పుట్టిన చోటు పేరు పెట్టాలి కదా, ఈ చోటును ప్యానెళ్ల చేను అంటారు. ఆ పేరు పెడితే పెద్దయ్యాక వాడు నన్నే తంతాడు.

మధ్యాహ్నం అయింది. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. ఇందాక హగరి పిల్లాణ్ని గుండెకు హత్తుకుని మెల్లగా పిలిచింది.

"అమా, వీనికి సలి పెడ్తాంది. కూలర్ రోంత తగ్గియ్యి."

మే నెల, మిట్టమధ్యాహ్నం, నా మనవడికి చలి పెడుతోందట! బట్టల పెట్టె అడుగు నుంచి దుప్పటి తీసి ఇద్దరికీ కప్పాను. కూలర్ మాత్రం తగ్గించలేదు.